గిర్నికి పోయిన విత్తనం

ఆ సంగతి నాకు మొదట చెప్పింది మా గల్లీ చివర గిర్ని నడిపే ఆమె. పిండి, పసుపు, కారం ఏది పట్టించాలన్నా మా చుట్టుపక్కల ఇళ్లన్నీ ఆమె దగ్గరికే పోతాయి. మే నెల చివర ఒక పొద్దున నేను ప్రార్థన ముగించుకొని వాకిట్లో నీళ్లు చల్లుతుంటే, కనుబొమల మీద పిండి అట్లాగే ఉండగా వచ్చి నిలబడింది. చేతిలో ఒక గుడ్డ సంచి. నాలుగు రోజుల కింద కారం పట్టించడానికి పోయినప్పుడు నేను మరిచిపోయి వచ్చినదే.

"అక్కా, నిన్నొకటి అడుగుత, ఏమనుకోకు," అంటూ సంచిని తిరగేసి అరచేతిలో దులిపింది. సన్నటి బూడిద రాలింది. దాంతోపాటు ఎండిన వేపాకులు రెండు మూడు. "ఇది విత్తనం సంచి గదా. విత్తనం కాయలు పట్టిచ్చినవేంది?"

ఆమె అడిగింది నాకు వెంటనే బుర్రకెక్కలేదు. ఎక్కాక చెంబు పక్కన పెట్టి గడప మీద కూర్చుండిపోయాను. కాయలు పట్టించిన రోజు గిర్ని మీద ఆమె పెనిమిటి ఉన్నాడు. ఆయనకు మిషన్ తెలుసు కానీ కాయల సంగతి తెలియదు. ఆమె ఉండి ఉంటే, సంచి మూతి విప్పగానే నా చెయ్యి పట్టుకొని ఆపేది. "నేనుంటే ఆగేది," అని తనే రెండుసార్లు అంది, తప్పు తనదే అయినట్టు.

ఆ మిరపకాయలు నావి కావు. మా ఎదురింటి పెద్దమ్మవి.

పెద్దమ్మకు డెబ్బై దాటాయి. ముప్పై ఏళ్ల నుంచి వరంగల్లో మా ఎదురుగా, రెండు గదుల రేకుల ఇంట్లో ఉంటుంది. రేషన్ కార్డు, ఓటు, గ్యాస్ కనెక్షన్ అన్నీ ఇక్కడివే. అయినా ఆమెను ఎవరైనా "మీదే ఊరు?" అని అడిగితే, నర్సంపేట దారిలో ఉన్న తన పల్లె పేరే చెబుతుంది. అక్కడ ఆమెకు ఎకరం పాతిక చేను ఉంది. వానాకాలం మొదలైన దగ్గర నుంచి ఎండలు ముదిరేదాకా పొద్దున మొదటి బస్సుకు టిఫిన్ డబ్బా పట్టుకొని పోతుంది, పొద్దు గూకేసరికి వస్తుంది. నేనెప్పుడైనా తెల్లవారి లేచి కిటికీ తీస్తే, వీధి దీపం కింద కొంగు నడుముకు చెక్కుకొని నడిచిపోతూ కనిపించేది. ఆఫీసుకు పోయేవాళ్ల కన్నా ముందు.

ఆమె వేసేది చపాట మిర్చి. తెలియని వాళ్లకు చెబుతున్నాను: అది సన్నగా, పొడుగ్గా ఉండే మామూలు మిరపకాయ కాదు. పొట్టిగా, లావుగా, చిన్న టమాటాలాగా ఉంటుంది. కారం తక్కువ, రంగు ఎక్కువ. మా వైపు మామిడికాయ తొక్కు అంత ఎర్రగా ఉండటానికి కారణం అదే. పెద్దమ్మ దగ్గరున్న విత్తనం వాళ్ల అత్త ఇచ్చినది. ఆ అత్తకు ఎవరిచ్చారో ఈమెకు తెలియదు. నేను అడిగితే, "ఉండె, ఇచ్చింది, అంతే," అంది. దుకాణంలో మిరప విత్తనం ఎన్నడూ కొనలేదు. చేనంతటిలో మంచి చెట్లేవో చూసి, వాటికి గుడ్డ పీలికలు కట్టి గుర్తు పెట్టుకొని, రెండో ఏరుడులో ఆ చెట్ల కాయలు మాత్రం విడిగా తీసి ఎండబెట్టి, బూడిద, వేపాకు వేసి సంచిలో దాచుకునేది. కాయలోంచి గింజ తియ్యదు. నారు పోసే ముందు రోజే తీస్తుంది. కాయలోపల గింజ తల్లి కడుపులో ఉన్నట్టు ఉంటుందట.

ఇవన్నీ నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు.

మే నెలలో ఆమెకు కంటి ఆపరేషన్ చేశారు. పదిహేను ఇరవై రోజులు కాజీపేటలో కూతురి దగ్గర ఉండాలి. ఇల్లు తాళం వేస్తే ఎలుకలు పడతాయని, ఆటో ఎక్కే తొందరలో రెండు సంచులు తెచ్చి మా ఇంట్లో పెట్టింది. "బిడ్డా, ఒకటి నీ తొక్కుకు. ఒకటి నేనొచ్చేదాంక జర పైలంగ పెట్టు," అంది. ఏది ఏదో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని ఆమెకు తోచి ఉండదు. చూస్తే తెలియదా అనుకుంది.

నేను చూశాను. ఒక సంచిలో కాయలు మంచివే, కానీ చిన్నవీ పెద్దవీ కలిసి ఉన్నాయి. కొన్నింటి మీద తెల్లటి మచ్చలు. రెండో సంచిలో ఒక్కో కాయ ఏరి పెట్టినట్టు, ఒకే తీరుగా, ముదురు ఎరుపులో మెరుస్తోంది. నేను ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. నేను పెరిగిన పద్ధతిలో ఇచ్చేది ఎప్పుడూ మంచిదే. మా చర్చిలో పంట పండుగనాడు చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే విశ్వాసులు ప్రథమ ఫలాలు తెస్తారు. గుమ్మడికాయైనా, వరి కంకులైనా, కోడిపుంజైనా ఉన్నవాటిలో అన్నిటికంటే మంచిది తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. మిగిలినది ఇంటికి. కాబట్టి మెరిసే కాయలు నాకు ఇచ్చినవి, మచ్చల కాయలు ఆమె తనకు ఉంచుకున్నవి అని నా లెక్క. ఎంత మంచి మనసు అని దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను కూడా. వేపాకులు తీసేసి, బూడిద తుడిచి, రెండెండలు పోసి, తొడిమలు తీసి, మళ్లీ అదే సంచిలో పోసి గిర్నికి తీసుకుపోయాను. బూడిద పురుగు పట్టకుండా వేసిందేమో అనుకున్నాను. అది నిజమే. ఎందుకు పురుగు పట్టకూడదో మాత్రం ఆలోచించలేదు.

నన్ను ఎవరూ బడికి పంపలేదు. డోర్నకల్లో నాన్నది రైల్వే ఉద్యోగం. చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో నా ఎడమ కాలు సన్నబడిపోతే, అమ్మే క్వార్టర్స్ వరండాలో కూర్చోబెట్టి అక్షరాలు, ఎక్కాలు, కీర్తనలు నేర్పింది. రైళ్ల రాకపోకల కాగితం మీద లెక్కలు చేయించేది. అమ్మ నేర్పినందుకు నాకు ఏ రోజూ లోటు అనిపించలేదు. కానీ మా అమ్మకు కూడా తెలియనివి కొన్ని ఉంటాయి కదా. పట్టాల పక్కన పెరిగిన ఇంట్లో విత్తనం ఎక్కడుంటుంది?

మావారు కుట్టు మిషన్లు బాగు చేస్తారు. సాయంత్రం ఇంటికి వచ్చాక విషయం చెప్పాను. ఆయన అప్పటికి మూడు రోజులుగా ఆ తొక్కును మెచ్చుకుంటూ తింటున్నారు. లేచి జాడీ మూత తీసి చూశారు. తర్వాత, "మంచిపని జేసినవ్. వచ్చే ఏడాది సేనంత ఇప్పుడే జాడీకెత్తినవ్," అన్నారు. నాకు ఏడుపు వచ్చింది. ఆయనకు నవ్వొచ్చింది, కానీ నన్ను చూసి ఆపుకున్నారు. ఆ రాత్రి భోజనంలో ఇద్దరం తొక్కు ముట్టలేదు.

చెప్పాలి, చెప్పాలి అనుకుంటూనే నేను మొదట వేరే పని మొదలుపెట్టాను. పెద్దమ్మ వచ్చేలోపు అదే విత్తనం ఎక్కడైనా దొరికితే, సంచిలో పోసి పెట్టేసి, ఆ తర్వాత చెప్పవచ్చు అనుకున్నాను. చెప్పకపోయినా ఫర్వాలేదేమో అని కూడా ఒక మూల అనుకున్నాను. దాచి లాభం లేదు, రాస్తున్నాను కాబట్టి రాస్తున్నాను. గిర్ని ఆమె, "దుకాణంల ప్యాకెట్లు దొరుకుతయి గని అక్కా, పెద్దమ్మకు మొలకల్నే తెలుస్తది," అంది. ఆ మిగిలిన సంచిలోవి ఆఖరున ఏరిన మచ్చ తెగులు కాయలనీ, వాటి గింజ వేస్తే చేనంతా తెగులేననీ అంది. అడిగిన వాళ్లకల్లా పెద్దమ్మ గుప్పెడు గింజలు ఇచ్చేదనీ, వాళ్లలో మెయిన్ రోడ్డు మీద జిరాక్స్ షాపు అతను ఒకడనీ ఆమే చెప్పింది.

ఆ అతన్ని నేను పదేళ్లుగా ఎరుగుదును. ఆధార్ కార్డు జిరాక్స్ అంటే అతనే. ఎప్పుడూ టక్ చేసుకొని, వేళ్లకు సిరా అంటకుండా పని చేస్తాడు. నేను మిరప విత్తనం అని అనగానే కౌంటర్ మీదకు వంగి, "చపాటనా చిన్నమ్మా? కూసో," అన్నాడు. కుర్చీ కోసం లోపలికి జరిగితే అప్పుడు చూశాను: లామినేషన్ మిషన్ కింద యూరియా బస్తా. పది కిలోమీటర్ల దూరంలో అతనికి రెండెకరాలు ఉందట. ఆదివారం ఆదివారం పోతాడట. పెద్దమ్మ విత్తనం మూడేళ్లు వేశాడు, పోయినేడు పత్తికి మారాడు. గింజ దాచలేదు. ఆ మాట చెప్పేటప్పుడు అతను నా ముఖం వైపు చూడలేదు. "తప్పయింది చిన్నమ్మా," అన్నాడు. నా తప్పు చెప్పుకోవడానికి పోతే, అతను తన తప్పు నాకు చెప్పుకున్నాడు.

అక్కడి నుంచి నాకు ఒక కొత్త చూపు వచ్చింది. మా ఊరిని నేను అప్పటిదాకా కౌంటరుకు ఇవతలి వైపు నుంచే చూశానని తెలిసింది. ఆ వారంలో నేను ఎవరిని అడిగినా, అవతలి వైపు ఒక చేను బయటపడింది. మా వీధిలో ఇస్త్రీ చేసే అతనికి అరెకరం కౌలు. మందుల షాపు అమ్మాయి వాళ్ల అమ్మ ఇంకా నాట్లకు పోతుంది. బ్యాంకులో నాకు ఫారం నింపిపెట్టే గుమాస్తా, కిటికీలోంచి మబ్బు చూసి పెన్ను ఆపి, "మావైపు పడుతుందంటారా?" అని నన్నే అడిగాడు. నేను డోర్నకల్ దాన్ని, నాకేం తెలుసు? అయినా అడిగినందుకు సంతోషమనిపించి, పడాలని ప్రార్థిస్తాను అన్నాను. "జర గట్టిగ చెయ్యండమ్మా," అన్నాడు.

పెళ్లి చేసుకొని ఈ ఊరికి వచ్చిన మొదటి మాఘమాసం నాకు బాగా గుర్తు. నాలుగు రోజులు ఆగకుండా తుమ్మాను. జలుబు అనుకొని మా అత్తమ్మ మిరియాల కషాయం కాచి ఇచ్చింది. మా ఆడబిడ్డ నవ్వి, జలుబు కాదు వదినా, మార్కెట్ యార్డు వైపు నుంచి గాలి కొడుతోంది అంది. బస్తాల కొద్దీ మిర్చి దిగే రోజుల్లో ఊరు ఊరంతా తుమ్ముతుంది. పెద్ద డాక్టరూ తుమ్ముతాడు, రిక్షా అతనూ తుమ్ముతాడు. హైదరాబాద్‌లో మా చెల్లెలి ఇంట్లో నెల రోజులున్నాను ఒకసారి. అక్కడ ఏ కాలం నడుస్తోందో క్యాలెండర్ చూస్తే తప్ప తెలియలేదు. ఇక్కడ ముక్కు చెబుతుంది. పత్తి లారీ పోయిందంటే రోడ్డు పక్క తుమ్మ ముళ్లకు తెల్లటి పింజలు వేలాడతాయి. వీధిలోకి పచ్చి పల్లికాయ బండి వస్తుంది, తర్వాత మొక్కజొన్న, తర్వాత అనపకాయ. ఇంత పెద్ద దవాఖానలు, కాలేజీలు, మాల్సు పెట్టుకున్న ఊరు, కాళ్లకు ఇంకా మట్టి అంటుకొని ఉంది. కడుక్కోవాలని కూడా దీనికి లేదు. నాకు ఈ ఊరు ఎందుకు ఇష్టమో ఇన్నేళ్లు నాకే సరిగ్గా తెలియలేదు. ఒక తప్పు చేసి గడప గడపకూ తిరిగితే తెలిసింది. తిరిగిన వారం రోజుల్లో నన్ను చూసి విసుక్కున్నవాళ్లు లేరు. విత్తనం అనగానే ఎవరైనా చేతిలో పని ఆపేవారు.

విత్తనం మాత్రం దొరకలేదు.

శనివారం రాత్రి మోకరించినప్పుడు, ముందు పెద్దమ్మకు చెప్పాలని తెలిసింది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి నుంచే కాజీపేట ఆటో ఎక్కాను. పెద్దమ్మ కూతురింట్లో మంచం మీద నల్ల అద్దాలు పెట్టుకొని కూర్చొని ఉంది. కంట్లో మందు వేసిన తర్వాత కదలకూడదట. కూతురు వంటింట్లో ఉంది. నేను కూర్చోకముందే చెప్పేశాను. ఏ సంచి ఏదనుకున్నానో, ఎందుకనుకున్నానో, పంట పండుగ సంగతి కూడా చెప్పాను.

అద్దాల వెనక ఆమె కళ్లు ఎలా ఉన్నాయో నాకు కనపడలేదు. చేతివేళ్లు దుప్పటి అంచును మాత్రం మడుస్తూ విప్పుతూ ఉన్నాయి. నలభై ఏళ్లు ఆమె చేతిలో, అంతకుముందు వాళ్ల అత్త చేతిలో నడిచి వచ్చిన గింజ. నాకు నా చేతులు చూసుకోబుద్ధి కాలేదు.

చివరకు, "మంచిది దేవునికిస్తరు, మీరు," అంది. ప్రశ్నో కాదో తెలియలేదు. అవునన్నాను.

"మేము నేలకిస్తం. మంచిది తినేస్తే మల్లేడు ఏం తింటవ్ బిడ్డా?"

నేను తల వంచుకున్నాను. ఆ తర్వాత ఆమె అడిగింది నేను ఎన్నటికీ ఊహించనిది. "అది తింటే ఎట్లుంటది?" అంది.

ఇన్నేళ్లలో పెద్దమ్మ తన చేనులో పండిన అన్నిటికంటే మంచి కాయను ఒక్కసారి కూడా రుచి చూడలేదు. ఏరినవి సంచిలోకి పోవడమే, సంచిలోవి మట్టిలోకి పోవడమే. ఆమె తిన్నదంతా మిగిలిన కాయలే. నేను తెచ్చిన సంచిలో, క్షమాపణ అడుగుతూ తొక్కు తేవడం ఎంత సిగ్గుమాలిన పనో అనుకుంటూనే తెచ్చిన చిన్న సీసా ఉంది. తీశాను. కూతురు వంటింట్లోంచి చూసి పరుగున వచ్చింది. "కంటి ఆపరేషనైనోళ్లకు తొక్కు పెడుతరా చిన్నమ్మా? పత్యం," అంది. పెద్దమ్మ, "కన్ను వేరు, నోరు వేరు. నువ్వు పో," అని ఆమెను పంపేసి చెయ్యి చాచింది.

వేలితో కొంచెం తీసి నాలుక మీద పెట్టుకుంది. మామిడి ముక్క నమలలేదు, కారాన్నే నోట్లో ఉంచుకొని కూర్చుంది. నేను ఆమె ముఖాన్నే చూస్తున్నాను.

"ఉప్పెక్కువేసినవ్," అంది. తర్వాత ఇంకొంచెం తీసుకుంది. "మా అత్త కూడ తినకుంటనే పోయింది," అంది. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పలేను. ఆపరేషన్ చేసిన కంటికి తడి మంచిది కాదని కొంగు ఇచ్చాను.

అప్పుడు ఇద్దరం కలిసి వెతకడం మొదలుపెట్టాం. ఆమె మంచం మీద కూర్చొని గింజలు ఇచ్చినవాళ్లను ఒక్కొక్కరినీ తలుచుకుంది. ఒకామె చనిపోయింది. ఒకతను చేను అమ్మేశాడు. ఒకతను జిరాక్స్ షాపు. ఆఖరుకు, "బస్సాయన ఒకడుండె," అంది. చాలా ఏళ్లు ఆమె ఎక్కిన మొదటి బస్సు డ్రైవరు. స్టేజీ లేని చోట, సరిగ్గా ఆమె చేను గట్టు దగ్గర బస్సు ఆపి దింపేవాడట. రిటైరయ్యే ముందు గుప్పెడు గింజలు అడిగి తీసుకున్నాడు. పేరు తెలియదు, ఇల్లు తెలియదు. "డ్రైవరా అంటే పలికేది, పేరెందుకు?" అంది.

పేరు తెలియని మనిషిని ఇంత ఊళ్లో ఎలా వెతకాలి అని నేను అనుకున్నాను. నాకు ఊరు పెద్దది. జిరాక్స్ అతనికి కాదు. నేను పోయి చెప్పగానే, ఆ దారిలో ఏ సమయంలో బస్సు అనేది అడిగి, బస్టాండు దగ్గర టీ కొట్టుకు ఫోన్ చేశాడు. టీ కొట్టు అతను ఎవరో కండక్టర్ని అడిగాడు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల లోపల హన్మకొండలో గల్లీ, ఇంటి రంగు, మెట్లు ఎటు వైపు ఉంటాయో కూడా తెలిసిపోయాయి.

పెద్దమ్మ కన్ను చూసి, ఆటో ఎక్కవచ్చని డాక్టరు చెప్పిన రోజు ఇద్దరం పోయాం. ఆయన ఉండేది మేడ మీద ఒక గది. బయటి నుంచి మెట్లు, పదహారు. నా కాలితో, ఆమె కంటితో ఆ పదహారు మెట్లు ఎక్కడానికి మాకు చాలాసేపు పట్టింది. ఎక్కేసరికి ఆయన తలుపు దగ్గర గోడ పట్టుకొని నిలబడి ఉన్నాడు. మోకాళ్లు రెండూ పాడయ్యాయి. ఏళ్ల తరబడి క్లచ్ తొక్కిన కాళ్లు. ఆయనది రఘునాథపల్లి వైపు. హైవే పక్కన అన్నదమ్ములకు ఉమ్మడిగా ఉన్న భూమి ప్లాట్లయిపోయింది. ఆ సంగతి ఆయన ఒక్క మాటలో చెప్పి వదిలేశాడు. గది ముందు జాగాలో వరసగా పెయింట్ డబ్బాలు. వాటిలో మిరప మొక్కలు.

"నువ్వేనా తమ్మీ, నన్ను సేను కాడ దింపినోనివి?" అంది పెద్దమ్మ, దగ్గరగా పోయి ముఖం చూస్తూ.

"నేనే అక్కా. నువ్వు దిగినంక కండక్టరు రోజూ నన్ను తిట్టేది. స్టేజీ లేదు, ఏం లేదు, ఈ ముసలామె మీ మేనత్తనా అని."

"అప్పుడు నేను ముసలిదాన్ని గాదు."

"కండక్టరుకెట్ల తెలుస్తది?"

ఇద్దరూ కుర్చీలు వెతుక్కోకుండా నేల మీదే కూర్చున్నారు. నేను చేసిన పని నేనే చెప్పాను. ఆయన విని, గోడ పట్టుకుంటూ లోపలికి పోయాడు. మేకుకు పాత ఖాకీ చొక్కా వేలాడుతోంది. దాని జేబులోంచి చిన్న గుడ్డ మూట తీశాడు. ఆ చొక్కా జోలికి ఇంట్లో ఎవరూ రారు కాబట్టి అక్కడ పెట్టాడట. మూటలో పధ్నాలుగు కాయలు, బూడిద, వేపాకు. డబ్బాలలో వేసిన మొక్కల నుంచి ఏటా మంచి చెట్టు కాయలు తీసి దాస్తున్నాడు. చేను లేని మనిషి.

పెద్దమ్మ ఒక కాయ తీసి చెవి దగ్గర పెట్టి ఆడించింది. గింజలు గలగలమన్నాయి. సగం తీసుకొని సగం మూట కట్టి ఆయన ముందుకు తోసింది.

"మొత్తం తీస్కపో అక్కా. డబ్బాలల్ల నేనేం పండిస్త? విత్తనం భూమి ఉన్నోళ్ల కాడుండాలె," అన్నాడు. చాలాసేపు అటూ ఇటూ మూట జరిగింది. చివరకు ఒక్క కాయ ఉంచుకున్నాడు. ఆ తర్వాత, ఎవరినో బతిమాలుతున్నట్టు కాకుండా, బస్సు టైము చెప్పినంత మామూలుగా అన్నాడు: "కాయ ఎర్రవడ్డంక ఒక్కసారి నన్ను సేనుకాడికి తోల్కపోండ్రి. సూసొస్త."

తప్పకుండా అన్నాం.

కిందికి దిగాక పెద్దమ్మ ఆటోలో నాతో మెల్లగా అంది. "సన్న మిర్చి గూడ పెట్టిండు, పక్క డబ్బాల. సూసినవా?" నేను చూశాను కానీ అందులో ఏముందో అర్థం కాలేదు. "తేనెటీగ ఊకుంటదా బిడ్డా? ఈడ వాలి ఆడ వాల్తది. గింజల ఏమున్నదో కాయ ఎర్రవడ్డంకనే తెలుస్తది." ఆయన ముందు ఆ మాట అనకుండా మేడ దిగేదాకా ఆగిందన్నమాట.

మొలక వస్తుందో లేదో చూడటానికి ఒక కాయ చీల్చిన రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. పది గింజలు తడిగుడ్డలో చుట్టి నా చేతికే ఇచ్చింది. నమ్మి ఇచ్చిందో, శిక్షగా ఇచ్చిందో అడగలేదు. రోజూ పొద్దున ప్రార్థన కంటే ముందు గుడ్డ విప్పి చూసేదాన్ని, దేవుడు క్షమించాలి. ఎనిమిదో రోజున తెల్లటి మొలకలు కనిపించాయి. పదిలో ఏడు. నేను ఎదురింటికి పరుగెత్తలేను కాబట్టి వాకిట్లోంచే కేకేశాను.

పదమూడు కాయల గింజలు ఎకరం పాతికకు ఎక్కడ చాలుతాయి? చేను మూలన కొన్ని సాళ్లు మాత్రం ఆ నారు పెట్టింది. మిగతా చేనంతా తన జన్మలో మొదటిసారి కొన్న నారు పెట్టింది. ఆ రోజు నేను కూడా బస్సులో పోయాను. ఆమె ఆ కొన్న నారు మొక్కలను పెట్టేటప్పుడు ఏమీ అనలేదు. నేను గట్టు మీద కూర్చొని ఆ అనకపోవడాన్నే వింటూ ఉన్నాను. నా వల్ల జరిగిన నష్టం అంత ఉంది. దాన్ని చిన్నది చేసి రాయలేను.

ఇప్పుడు ఆ మూల సాళ్లు ఎర్రబడ్డాయి. పోయిన వారం చూసి వచ్చాను. పెద్దమ్మ చెప్పిందే నిజం. కొన్ని చెట్లకు కాయ సన్నగా, పొడుగ్గా దిగింది. ఆమె వాటిని ముందే పీకేసింది. మిగిలిన చెట్ల మీద మాత్రం పొట్టిగా, లావుగా, అచ్చం ఆ కాయే. ఒక్కటి తుంచి రెండుగా చీల్చి, గింజల వరస చూసి, వాసన చూసి, "మా అత్తదే," అంది. ఆ చెట్లకు గుడ్డ పీలికలు నా చేతనే కట్టించింది. ఏ చెట్టుకు కట్టాలో చూపించి, ఎందుకో కూడా చెప్పింది. కొమ్మల గుబురు, కాయ తొడిమ, తెగులు తగలని ఆకు. యాభై ఏళ్లు దాటాక నాకు మళ్లీ వరండాలో కూర్చొని అక్షరాలు నేర్చుకున్నట్టు అనిపించింది. ప్రతి చెట్టు దగ్గరా ఆగి ఇంకో ప్రశ్న అడిగాను. ఆమె విసుక్కుంటూనే అన్నిటికీ చెప్పింది.

వచ్చే శనివారం డ్రైవరు గారిని చేనుకు తీసుకుపోవాలని అనుకున్నాం. జిరాక్స్ అతను షాపు మూసి తన కారు తెస్తానన్నాడు. చేను గట్టు దాకా కారు పోతుంది, అక్కడ కుర్చీ వేస్తాం. ఆయన చూడాలి, చూసి తన చేతితో ఒక కాయ తుంచాలి. ఇబ్బంది అంతా ఆ పదహారు మెట్లతోనే. ఈ చలికాలం ఆయన మోకాళ్లు మరీ పట్టేశాయి. మూడు నెలలుగా కిందికి దిగలేదట. కుర్చీలో మోసుకొస్తామంటే ఒప్పుకోవడం లేదు. "బస్సు దిగినట్టు నేనే దిగుత," అంటున్నాడు.

ఇది చదివే మీలో ప్రార్థించే అలవాటున్నవాళ్లు ఏ దేవునికి మొక్కినా సరే, శనివారం పొద్దున ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి. ఆయన పేరు నాకు ఇప్పుడు తెలుసు, కానీ రాయను. చేను లేకపోయినా విత్తనం దాచిన డ్రైవరు అంటే వినవలసినవాడు గుర్తుపడతాడు. ఆ మెట్లు ఆయన తన కాళ్ల మీద దిగాలని అడగండి.